సింధు ఒంటరి ప్రయాణం

ఆదివారం పొద్దున సింధు ఒక్కతే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్బీ నగర్‌లో దిగి, నల్గొండ బస్సులు ఎక్కడ ఆగుతాయో కనుక్కుని రావాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు బళ్లో ఇచ్చిన జీవన నైపుణ్యాల ప్రాజెక్టు అది. పెద్దవాళ్లు తోడు వస్తే సున్నా. ఇందులో నెగ్గితే డాన్సు క్లాసుకు ఒంటరిగా పంపిస్తానని తండ్రి గంగాధరరావు మాటిచ్చాడు.

ఇచ్చాడు గానీ, ఆయన మనసు ఊరుకుంటేగా! ఒకటో తరగతి నుంచి కూతురి ప్రాజెక్టులన్నీ చేసింది ఆయనే. థర్మకోల్ అగ్నిపర్వతానికి జిల్లా స్థాయి బహుమతి కూడా కొట్టాడు. అమ్మాయి గడప దాటగానే మంకీ టోపీ, నల్ల కళ్లద్దాలు, మాస్కు తగిలించుకుని వెనకే పరుగెత్తాడు. ఆ కంగారులో ఫోను ఇంట్లోనే మరిచిపోయాడు.

రైల్లో సింధు పక్కన కూర్చున్న సైదమ్మది నల్గొండ దగ్గర పల్లె. బస్సుల సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి, ఉన్నట్టుండి గొంతు తగ్గించింది.

"బిడ్డా, గా టోపీ పెట్టుకున్నోడు నిన్నే సూస్తుండు. ఎండకాలంల మంకీ టోపీ ఏంది?"

సింధు రైలు దిగగానే బళ్లో నేర్పినట్టే, తిన్నగా సెక్యూరిటీ గార్డు మహేందర్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఈలోపు సైదమ్మ టోపీవాడి చొక్కా పట్టేసుకుంది.

"పేరేంది?" అన్నాడు మహేందర్.

నోరు విప్పితే కూతురు గొంతు గుర్తుపడుతుంది. గంగాధరరావు చేతులు తిప్పుతూ ఏవో సైగలు చేశాడు.

"యాక్టింగ్ జేస్తున్నవా? జర ఆగు, పోలీసోళ్లను పిలుస్త," అంటూ మహేందర్ ఫోను తీశాడు.

"అమ్మా సింధూ, నేనే!" అంటూ ఆయన టోపీ, మాస్కు, కళ్లద్దాలు అన్నీ పీకేశాడు.

సింధుకు ఏడుపొచ్చినంత పనైంది. ఒప్పుకుంటే ప్రాజెక్టు గంగలో కలిసినట్టే. అయినా, కన్నతండ్రిని ఎలా వదిలేస్తుంది? "మా నాన్నేనండీ," అంది.

"రుజువేది?" అన్నాడు మహేందర్.

సింధు వెంటనే తల్లి కుసుమకుమారికి వీడియో కాల్ చేసి చూపించింది. ఆవిడ కాసేపు తేరిపార చూసింది.

"టోపీ మనదే. మనిషి కూడా మనవాడే, వదిలెయ్యమను."

మహేందర్ రిజిస్టరులో 'తప్పిపోయిన తండ్రి, కూతురికి అప్పగించడమైనది' అని రాసి సింధు చేత సంతకం పెట్టించాడు.

"సెయ్యి గట్టిగ వట్టుకో బిడ్డా, మళ్ల తప్పిపోతడు," అని సైదమ్మ బస్సుకోసం వెళ్లిపోయింది.

సింధు జరిగిందంతా దాచకుండా రాసి, రిజిస్టరు పేజీ ఫొటో అంటించి ఇచ్చింది. టీచరు అమల రెండుసార్లు చదివి, ఈ ప్రయాణంలో తోడు అవసరమైంది పిల్లకు కాదని తేల్చి, పదికి పది వేసింది.

ఇప్పుడు సింధు డాన్సు క్లాసుకు ఒంటరిగానే వెళ్తోంది. గంగాధరరావును మాత్రం ఇంట్లోవాళ్లు ఒంటరిగా ఎక్కడికీ పంపడం లేదు.