పక్కకు చూడని డ్రైవరు గారి ఫోటోలు

ఆ ఆదివారం డ్రైవరు గారు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఏడింటికి స్కూటరు తీయడం, పాత రహదారి వెంట ఓ ఇరవై కిలోమీటర్లు వెళ్లడం, దారి పక్కన కనిపించినవన్నీ ఫోటోలు తీయడం, మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి చేరడం. కెమెరా తనతో పనిచేసిన పాత కండక్టరు దగ్గర అరువు తెచ్చారు.

దీని వెనక ఒక చిన్న అవమానం ఉంది. ఆయన ముప్పై ఒక్క ఏళ్లు ఆ రహదారి మీదే బస్సు నడిపారు. అది నిన్నా మొన్నా వేసిన రోడ్డు కాదు. రాజుల గుర్రాలు, సరుకుల బళ్లు నడిచి నడిచి నలిగిన దారి. మైలుకొక చెక్కుడు రాయి, మధ్యలో బాటసారుల కోసం కట్టిన సత్రం, పుస్తకాలకెక్కిన పేరు. పదవీ విరమణ సభలో ఓ కొత్త అధికారి మర్యాదకు, "ఆ దారిలో మీకు బాగా నచ్చిందేమిటండీ?" అని అడిగాడు. డ్రైవరు గారు మైకు ముందు చాలాసేపు ఆలోచించి, "రోడ్డండీ" అన్నారు. సభ గొల్లుమంది. ఆయన హాస్యమాడలేదు. పక్కచూపులు చూసే డ్రైవరు ఆయన లెక్కలో డ్రైవరే కాదు. అందుకని రోడ్డు తప్ప ఇంకేదీ చూడలేదు.

"ఇప్పుడు చూసొస్తే సరి. నేనూ వస్తాను పదండి," అంది భార్య. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి స్కూటరెక్కింది. కెమెరా మూత పెట్టుకోవడానికి పెద్ద జేబు కావాలని డ్రైవరు గారు పాత ఖాకీ చొక్కా వేసుకున్నారు. ఇద్దరి మనసులోనూ ఏ పాపమూ లేదు.

మొదట పంక్చరు షాపు దగ్గర ఆగారు. టైర్ల గుట్ట పక్కనే నాచు పట్టిన మైలురాయి ఉంది. డ్రైవరు గారు ముందు నుంచి ఒకటి, వంగి ఒకటి, మోకాళ్ల మీద కూర్చుని ఒకటి తీశారు.

"ఇంత పొడుగుంటుందని ఎప్పుడూ అనుకోలేదే," అన్నారు ఆశ్చర్యంగా.

భార్య వృత్తిధర్మం కొద్దీ టేపు పెట్టి చూసింది. "నలభై రెండు అంగుళాలు. చుట్టుకొలత సరిగ్గా మీ నడుమంత ఉందండీ."

"రాసుకో, రాసుకో."

ఆవిడ సంచిలోంచి కొలతల పుస్తకం తీసి రాసుకుంది. ఇద్దరూ స్కూటరెక్కి కదిలారు.

షాపులోంచి ఇదంతా చూసిన పంక్చరు అతనికి ఖాకీ చొక్కా కనిపించింది, కెమెరా కనిపించింది, టేపు కనిపించింది, పుస్తకమూ కనిపించింది. ముందు మలుపులో టీ కొట్టు నడిపే తన వదినకు ఫోను చేశాడు.

"వదినా, కొలుస్తున్నారు."

"ఎవరు?"

"ఇంకెవరు, రోడ్డు వెడల్పు చేసేవాళ్లు. ఫోటోలు తీసి మరీ రాసుకున్నారు. మన వైపే వస్తున్నారు."

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే లోకం ఇది. వదిన చెట్టు కింద క్షవరం చేసే పెద్దాయనకు చెప్పింది. పెద్దాయన సగం గడ్డం గీసిన మనిషిని వదిలేసి కుండలమ్మే ఆవిడకు చెప్పాడు. కుండల ఆవిడ దాకా వచ్చేసరికి కొలతలు అయిపోయి, యంత్రాలు బయల్దేరి, సగం దారిలో ఉన్నాయి. కనపడ్డవాటిని కదా తీసేస్తారు, కనపడకుండా చేస్తే పోలా అన్నారెవరో. అంతే, స్కూటరు కన్నా ముందు కబురు, కబురు కన్నా ముందు సామాను పరుగెత్తాయి.

ఇవేమీ తెలియని డ్రైవరు గారు టీ కొట్టు ఉండాల్సిన మలుపులో ఆగారు. అక్కడ నేలలో నాలుగు గుంతలు, గిన్నె పెట్టిన చోట ఓ తడి మరక ఉన్నాయి. గుంతలను ఫోటో తీశారు. కాస్త ముందుకెళితే ఓ చెట్టుకు మేకు, నేల మీద కొంచెం జుట్టు. మేకును తీశారు. ఆ పైన దుమ్ములో గుండ్రటి మచ్చలు బోలెడు కనిపించాయి. అవేమిటో ఇద్దరికీ అర్థం కాలేదు.

"ఏవండీ, ఈ దారిలో ఇప్పుడు మనుషులే ఉండడం లేదా?"

"ఉండే ఉంటారే. ముప్పై ఏళ్లు హారన్ కొట్టాను, ఎవరి కోసం కొట్టినట్టు?" అన్నారాయన. కానీ ఆ గొంతులో ధీమా లేదు. ఇన్నేళ్లూ చూడకుండా ఏదో పోగొట్టుకున్నానన్న బెంగ ఒక ఎత్తు. పోగొట్టుకోవడానికి అసలేమీ లేదని తెలియడం అంతకు మించిన బెంగలా ఉంది.

పాత సత్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కళ్లు చెదిరాయి. సత్రం వాకిట్లో బెంచీలు, పరదాలు, కుర్చీ, అద్దం, కుండలు గుట్టగా పోసి ఉన్నాయి. వాటి ముందు పాతిక మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. సగం గడ్డం మనిషి కూడా ఉన్నాడు. పంక్చరు అతను అడ్డదారిన అప్పుడే చేరి రొప్పుతున్నాడు. టీ కొట్టు వదిన రెండు గ్లాసుల టీ పట్టుకుని స్కూటరుకు ఎదురొచ్చింది. ఇంత ఆదరణ డ్రైవరు గారు ఊహించలేదు. మొహమాటంగానే గ్లాసు అందుకున్నారు.

"అయ్యా, ఈ పని ఎప్పట్నుంచి అనుకుంటున్నారు?" వదిన అడిగింది.

"రిటైరయిన రోజు నుంచీ అనుకుంటున్నానమ్మా. ఇవాళ్టికి కుదిరింది."

"మాకో మాట ముందు చెప్పాల్సింది కదండీ."

"చెబితే మీరంతా సర్దేసుకుంటారు. నాకు ఉన్నది ఉన్నట్టుగా దొరకాలి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒకవైపేనా అండీ, రెండు వైపులా తీస్తారా?"

"రెండు వైపులా. పోయేటప్పుడు ఎడమ, వచ్చేటప్పుడు కుడి. భోజనం వేళకి మొత్తం తీసేస్తాను."

వెనక ఎవరి చేతిలోంచో కుండ జారి పగిలింది.

"పాతికేళ్లుగా ఇక్కడే బతుకుతున్నామండీ," అంది వదిన. "మీకు తీయడానికి చేతులెలా వస్తాయి?"

ఇదంతా ఫోటో దిగడానికి భయమనుకుని డ్రైవరు గారు ధైర్యం చెప్పారు. "బాధేమీ ఉండదమ్మా. ఒక్క క్షణం పని. కదలకుండా నిలబడితే చాలు."

వదిన కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఆడమనిషి ఏడిస్తే డ్రైవరు గారికి కాళ్లూ చేతులూ ఆడవు. "ఇదేమిటే, నేనిప్పుడు ఏమన్నాను?" అంటూ భార్య వైపు తల తిప్పారు.

"అయ్యా, అలాగే ఉండండి. తిప్పకండి," అన్నాడు క్షవరం పెద్దాయన. దగ్గరికొచ్చి, పనిలో ఉన్నట్టే గడ్డం పట్టుకుని మొహాన్ని ఇంకాస్త పక్కకు తిప్పాడు. "ఈ ముక్కు నాకు తెలుసు. ఆరూ నలభై బస్సు."

పాతిక మందీ గబగబా ఆయనకు పక్కగా వచ్చి చూశారు. ఏళ్ల తరబడి వాళ్లకు తెలిసింది ఆ పక్క మొహమే. ఎదురుగా చూస్తే ఎవరో, పక్క నుంచి చూస్తే ఇంట్లోవాడు.

ఆ తర్వాత ఎవరూ ఆయన్ని మాట్లాడనివ్వలేదు. ఫోటోల సంగతి భార్య రెండు ముక్కల్లో చెప్పేసింది. వదిన ఏడుపు నవ్వులోకి దిగింది. ఆయన బస్సు కనిపిస్తేనే ఆవిడ పొయ్యి మీంచి పాలు దించేదట. ఆయనకు జ్వరం వచ్చి సెలవు పెట్టిన వారంలో రోజూ పాలు పొంగిపోయాయట. "మీ వెనక మిమ్మల్ని గంతల గుర్రం అనేవాళ్లమండీ. ఏమీ అనుకోకండి," అన్నాడు పంక్చరు అతను.

పెద్దాయన మాత్రం డ్రైవరు గారి భార్యనే చూస్తున్నాడు. "అయితే అమ్మా, మా చెట్టుకి ఎదురుగా, మైలురాయి దగ్గర నిలబడే పిల్లవి నువ్వే కదూ?"

ఆవిడ తల దించుకుంది.

"ఏ పిల్ల?" అన్నారు డ్రైవరు గారు.

"కొత్తగా పెళ్లయిన పిల్లండీ. రోజూ బస్సు వేళకి వచ్చి రాయి పక్కన నిలబడేది. మీ బస్సు రాగానే చెయ్యెత్తేది. మీరు తిన్నగా పోయేవారు. ఏడాది పాటు చూశాను. మిమ్మల్ని తిట్టని రోజు లేదనుకోండి."

అప్పట్లో వాళ్లు అక్కడికి దగ్గర్లోనే అద్దెకుండేవారు. డ్రైవరు గారికి గది గుర్తుంది, గోడ రంగు గుర్తుంది. రాయి దగ్గర మనిషి మాత్రం గుర్తులేదు. చూసి ఉంటే కదా.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే చూసేవారు. మీరు నన్ను చూస్తే, వెనకున్న యాభై మంది సంగతేమిటి?" అంది ఆవిడ. మరీ జాలిపడతారేమోనని, "కుట్టుమిషను కొన్నాక నేనే మానేశాన్లెండి, తీరిక లేక," అని కలిపింది.

డ్రైవరు గారు శుభ్రంగానే ఉన్న కెమెరా అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచారు. తుడిచిందే తుడిచారు.

"ఎలా ఎత్తేదానివి చెయ్యి?"

"ఇంతమందిలోనా? ఊరుకోండి."

"ఒక్కసారి."

ఆవిడ సిగ్గుపడుతూనే చెయ్యెత్తింది, భుజం దాకా, కొంచెంగా ఊపుతూ. ఆయన అలా చూస్తూ నిలబడిపోయారు. చేతిలో కెమెరా ఉందన్న మాటే గుర్తు రాలేదు.

బెంచీలూ కుండలూ మళ్లీ ఎక్కడివక్కడికి చేర్చడానికి భోజనం వేళ దాటింది. మోతలో డ్రైవరు గారూ ఓ చెయ్యి వేశారు. ఆ తర్వాత తీసిన ఫోటోల్లో సహజమైన దృశ్యం ఒక్కటీ లేదు. ప్రతి కొట్టు ముందూ జనం మొహాలు కడుక్కుని, తలలు దువ్వుకుని, బడిపిల్లల్లా వరుసగా బిగుసుకు నిలబడ్డారు. "కాస్త మామూలుగా ఉండండయ్యా," అని ఆయన బతిమాలితే, "మామూలుగానే ఉన్నామండీ," అన్నాడు పెద్దాయన పెదవులు కదపకుండా.

మరుసటి మంగళవారం రోడ్ల శాఖ వాళ్లు నిజంగానే వచ్చారు, గుంటలు పూడ్చడానికి కొలతలు తీసుకుందామని. వాళ్లెక్కడ వంగినా ఫోటో కోసమే అనుకుని ఎదురుగా ఓ పదిమంది నవ్వుతూ వరుసగా వచ్చి నిలబడటంతో, గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి.