కొర్లమ్మ నమిలిన ఎముక

ఆ ఉదయం సుప్రియ అనుకున్నది చాలా తేలికైన పని. ఎనిమిదింటికి స్నానం, తొమ్మిదింటికి బస్సు, పదింటికి అనకాపల్లి కాలేజీలో ఎముకల మీద ప్రసంగం. మన ఎముకల్లోనే ఉండి ఎముకను తినే కణాలుంటాయనీ, అవి ముందు ఆమ్లం కక్కి గట్టి సున్నాన్ని కరిగిస్తాయనీ, మిగిలిన మెత్తటి నారను ఎంజైములతో కోసేస్తాయనీ చూపించాలి. బాగా చూపిస్తే విశాఖపట్నం పోటీకి పంపుతానని లావణ్య మేడమ్ మాటిచ్చింది. అందుకే నాలుగు రోజులుగా మూడు కోడి ఎముకల్ని వెనిగర్ సీసాలో నానబెట్టి, చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటోంది.

వాళ్ల నాన్న ఎల్లాజీ ముప్పై ఏళ్లుగా బెల్లం వండుతున్నాడు. చెరకు రసం పులిసిందని ముక్కుకు తెలిస్తే చాలు, ఆ పులుపు చంపడానికి చెయ్యి దానంతటదే సున్నం డబ్బా మీదికి పోతుంది. వంటింట్లో పుల్లటి వాసన తగిలింది. ఎవరినీ అడగలేదు. సీసాలో రెండు చెంచాల సున్నం వేసి కలిపేశాడు.

స్నానం చేసి వచ్చిన సుప్రియ కెవ్వుమంది. "ఏటి సేసేవు నాన్నా!"

"పులిసిపోనాదమ్మా. సున్నమేసి బాగు సేసేను," అన్నాడు ఎల్లాజీ, మెచ్చుకుంటుందని ఆశపడుతూ.

అదృష్టం బాగుండి ఎముకలు అప్పటికే మెత్తబడ్డాయి. సుప్రియ వాటిని కడిగి, పళ్లెంలో పెట్టి, పచ్చి బొప్పాయి పాలు పోసింది. ఆ కణాల్లోని ఎంజైముకు బొప్పాయి పాలలోని ఎంజైము వేలువిడిచిన చుట్టం. ఇక జడ వేసుకుని బయల్దేరడమే అనుకుంటూ గదిలోకి వెళ్లింది.

అప్పుడు వంటింట్లోకి వచ్చింది ఎల్లాజీ తల్లి కొర్లమ్మ. ఆవిడ నోట్లో ఒక్క పన్నూ లేదు. కౌజు పిట్ట మాంసం మెత్తబడాలంటే బొప్పాయి పూస్తారని మాత్రం ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాపం, మనవరాలికి క్యారేజీ వండుకునే తీరిక లేదనుకుని, కారం మసాలా దట్టించి వేపేసింది. ఉప్పు చూద్దామని ఒకటి నోట్లో వేసుకుంది.

"ఒరే ఎల్లాజీ! నాకు పళ్లొచ్చేసినాయిరా!"

సుప్రియ పరుగెత్తుకొచ్చేసరికి రెండు ఎముకలు ఆవిడ పొట్టలోకి వెళ్లిపోయాయి. పిల్ల నేల మీద కూలబడి ఏడ్చింది.

"ఏడవకమ్మా, సికెన్ కొట్టుకెళ్లి కొత్తవి తెత్తాను," అన్నాడు ఎల్లాజీ.

"అవి మెత్తబడ్డానికి మళ్లీ నాలుగు రోజులు పడతాది నాన్నా!"

గోడ మీద గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. బస్సు వెళ్లిపోయింది. ఎల్లాజీ బండి తాళాలు అందుకున్నాడు.

"మరైతే మీ మామ్మనే అట్టుకుపోదాం," అని ఇద్దర్నీ బండెక్కించాడు.

క్లాసులో సుప్రియ భయపడుతూనే జరిగిందంతా చెప్పేసింది. కొర్లమ్మ ముందు తన బోసి చిగుళ్లు అందరికీ తిప్పి చూపించింది. తర్వాత మిగిలిన ఎముకను రబ్బరులా వంచి, హాయిగా నమిలి మింగింది. క్లాసంతా చప్పట్లతో దద్దరిల్లింది. దాంతో సుప్రియకు ధైర్యం వచ్చింది.

"ఎముక తినే కణం చేసేదీ ఇదే మేడమ్. ఆమ్లం సున్నం తీసింది, ఎంజైము నార కోసింది. మిగతాది మా మామ్మ పొట్ట చూసుకుంటుంది. అక్కడా ఆ రెండూ ఉన్నాయి."

"మరి ఆ కణం అతిగా తింటుంటే ఎలా ఆపుతావ్?" అంది లావణ్య మేడమ్.

 సుప్రియ ఆ ప్రశ్నకు తయారై రాలేదు. గుమ్మం దగ్గర్నుంచి ఎల్లాజీ ఉండబట్టలేక అందుకున్నాడు.

"పులుపు సంపేయాలండి. పులుపు సత్తే దాని పనాగిపోద్ది."

మేడమ్ కలం ఆగిపోయింది. "మందులు వేరే ఉన్నాయి కానీ, సూత్రం సరిగ్గా అదే. ఆమ్లం లేకపోతే ఆ ఎంజైము చతికిలబడుతుంది. మీరేం చదివారండీ?"

"నాలుగో తరగతండి. ఆ పైన బెల్లమండి."

సుప్రియ ఏడుపూ నవ్వూ కలిసిపోయి నాన్న చెయ్యి పట్టుకుంది. విశాఖపట్నం పోటీకి ఆమె పేరే ఖాయమైంది. సాయంత్రం దరఖాస్తు నింపుతూ, కావలసిన పరికరాలు అన్న గడిలో లావణ్య మేడమ్ ఇలా రాసింది: మామ్మ, ఒకటి.