తడకకు ఇవతల సంగీతం

సంగీతం మేష్టరుకు సంగీతం రాకూడదు. వస్తే బడి చెడుతుంది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఆరు నెలలు ట్రైనింగ్ అయి, ఫస్టు క్లాసులో ప్యాసై మరీ అంటున్నాను!

మాది కడప. మా వంశంలో కూనిరాగం తీసినవాడు కూడా లేడు. అలాంటి నేను సంగీతం మేష్టర్ని ఎలా అయ్యానంటారా? కర్నూలు రాజధాని కావడం వల్ల. రాజధాని వచ్చాక ఆ ఊళ్ళో గది దొరకడమే గగనమైపోయింది. ఆఫీసర్లే డేరాల్లో కాపురముంటే సంగీతానికి బంగళా ఎవరిస్తారు? ఒక పెద్ద హాలుకు మధ్యన తడక కట్టి, అవతల ఒక సర్కారు ఆఫీసునూ, ఇవతల మా సంగీతం ట్రైనింగునూ పెట్టారు.

మొదటి రోజు మా కంబన్న మేష్టరు శ్రుతిపెట్టె తెరిచి 'స' అన్నారో లేదో, తడక మీదుగా హెడ్ క్లర్కు తల పైకి లేచింది.

"ఏమప్పా, ఈడ గవర్నమెంటు పని జరుగుతాంది, కనపళ్ళేదా? అరిచేటట్లుంటే తుంగభద్ర ఇసకలోకి పోండి!"

కంబన్న మేష్టరు పిల్లలు గలవాడు. ఆ రోజు నుంచి మా ట్రైనింగు నోరు మూసుకుని జరిగింది. బెంచీల మీద సుద్దముక్కతో హార్మోనియం మెట్లు గీసుకుని వాయించేవాళ్ళం. పాటకు పెదవులు మాత్రం కదిపేవాళ్ళం. మేష్టరు చెవి ఎంత సూక్ష్మమైనదంటే, కళ్ళు మూసుకుని దూరంగా కూర్చునే, "ఏమప్పా కడపాయన, నీ గాంధారం దిగజారినాది" అనేవారు. నేను వేలు సర్దుకునేవాణ్ణి. "ఆఁ, ఇప్పుడు శానా బాగుండాది" అనేవారు.

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి! గొంతు నొప్పి లేదు. ఇరుగుపొరుగుతో తగాదా లేదు. మే నెల ఎండల్లో గొంతు తడుపుకునే నీళ్ళు మిగిలాయి, మన సీమలో అదేమన్నా చిన్న సంగతా? విద్వాంసుడూ నేనూ సరిసమానమైపోయాం. ఇంతటి సమానత్వం ఏ పంచవర్ష ప్రణాళికలో ఉంది? నన్నడిగితే అన్ని ట్రైనింగులూ ఇలాగే పెట్టాలి. బస్సు ముట్టనివ్వకుండా డ్రైవింగ్ నేర్పితే మంత్రాలయం యాత్రికులు ఎంత నిశ్చింతగా ఉంటారు! సూది చూపించకుండా కంపౌండర్లను తయారుచేస్తే రోగులు ఎంత సుఖపడతారు!

ఈ మేలు అర్థం కానిది మా బ్యాచిలో ఒక్క విశ్వాసమ్మకే. ఆమెది కోడుమూరు దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచీ చర్చిలో పాడి పాడి తేరిన గొంతు. ఆ ఊరి బడిలో ఆరేళ్ళుగా పిల్లలకు పాటలు చెబుతోంది. సర్టిఫికెట్టు లేనివాళ్ళను తీసెయ్యమని ఆర్డరు వచ్చేసరికి ట్రైనింగుకు పరుగెత్తుకొచ్చింది.

"ఈ కాయితం ల్యాకుంటే నా పని పోతాది సార్. మా ఇంటాయన మంచంలో ఉండాడు," అంది కంబన్న మేష్టరుతో. "అయినా పాడకుండా పాట ఎట్ల నేర్చుకునేది సార్?"

"నేర్చుకోవద్దులే తల్లీ. ప్యాసైపో, చాలు," అన్నారాయన. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుద్దపొడి పడి ఉంటుంది.

పరీక్ష రోజు నేను పెదవులు కదిపిన తీరుకు పరీక్షాధికారి తల ఊపాడు. తర్వాత విశ్వాసమ్మ వంతు. పల్లవి ఎలాగో పెదవులతోనే దాటించింది. చరణంలో పాపం, ఒళ్ళు మరిచింది. గొంతు బయటికి వచ్చేసింది. తడక అవతల కలాలు ఆగిపోయాయి. హెడ్ క్లర్కు తిట్టడానికే లేచి వచ్చాడు. పాట అయ్యేదాకా నిలబడి విన్నాడు. అయ్యాక తిట్టాడు.

శబ్దం చేసినందుకు ఆమెను ఫెయిలు చేశారు. నాకు ఫస్టు క్లాసు ఇచ్చి, ఖాళీ అయిన ఆమె బడికే నన్ను వేశారు. న్యాయం అంటే ఇదీ!

అక్కడ నా పాఠాలు హాయిగా సాగిపోతుండగా ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకు సంగీతాన్ని చెవులతో వినాలనే పాతకాలపు పిచ్చి ఉందట! విశ్వాసమ్మ వేరుశనగ చేలో కూలికి పోతోందని తెలిసి, గట్టు మీద నిలబడి బతిమాలుకున్నాను.

ఆమె కలుపు తీస్తూనే చెప్పింది. "నీ కోసరం కాదు సార్. పిల్లోళ్ళు మాట పడకూడదని వస్తా."

వచ్చింది. కిటికీ బయట నిలబడి ఆమె పాట అందించింది, లోపల పిల్లలు అందుకున్నారు. నాకే ఒళ్ళు పులకరించింది. ఇన్‌స్పెక్టరు మురిసిపోయి నా భుజం తట్టాడు. ట్రైనింగు మహిమ అంటే ఇదేనన్నాడు. పోతూ పోతూ కిటికీ వైపు చూసి, "ఎవరామె?" అని అడిగాడు.

నిజం చెబితే ట్రైనింగుకు అప్రతిష్ఠ కదా! "ఎవరో కూలిమనిషి సార్. పాటంటే ఇష్టం పాపం," అన్నాను.

ఆమె విన్నది. కొంగు నడుముకు చుట్టుకుని చేనికి వెళ్ళిపోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. సిగ్గేస్తే ఏం చెయ్యాలో మాకు సిలబసులో లేదు.

మరునాడు పిల్లల్ని పాడమన్నాను. ఒక్కరూ నోరు విప్పలేదు. బెదిరించాను, బుజ్జగించాను. చివరికి ముందు వరసలోని ఈరక్క చేతులు కట్టుకుని లేచింది.

"నువ్వు పాడు సార్. మేం వింటాం."

నెల రోజులైంది. నలభైమంది రోజూ నా నోటి వంకే చూస్తూ కూర్చుంటున్నారు. అయ్యా చదువరులారా, మీలో ఎవరికైనా ఒక్కటంటే ఒక్క పాట వస్తే కోడుమూరు బస్సెక్కి రండి. సర్టిఫికెట్టు అక్కర్లేదు. అది నా దగ్గర ఉంది.