హాజరు జెండా తెచ్చిన తట్టు

తట్టును తిట్టేవాళ్ళకు లోకజ్ఞానం లేదు! షినానో కొండల్లోని మా బడికి హాజరు జెండా సంపాదించి పెట్టింది ఎవరనుకున్నారు? నేనా? హెడ్మాస్టరుగారా? కాదు మహాశయులారా, తట్టు!

హాజరు ఎక్కువున్న బడికి జిల్లావారు నెలనెలా ఊదారంగు పట్టుజెండా ఇస్తారు. మూడేళ్ళుగా అది పక్కూరి బడి మీదే ఎగురుతోంది. దాన్ని చూసినప్పుడల్లా మా హెడ్మాస్టరు ఇసోబేగారికి అన్నం సయించేది కాదు.

తైషో చక్రవర్తి గద్దెనెక్కిన ఐదో ఏట, ఫిబ్రవరిలో, రెండో తరగతి తోమెకిచిని వాళ్ళమ్మ ఓషిగె వీపున మోసుకొచ్చింది. వాడి ఒళ్ళంతా ఎర్రగా పేలింది.

"మాస్టారూ, పదిరోజులు వీణ్ణి బడికి పంపలేనండీ. ఇంట్లో చూసేవాళ్ళు లేక వెంట తెచ్చా" అంది నాతో.

ఇసోబేగారు వెనకనుంచి ఊడిపడ్డారు. "జ్వరమా? మరీ మంచిది! గదిలో పొయ్యి కూడా లేదు. వాడి పక్కన కూర్చుంటే నలుగురికీ వెచ్చగా ఉంటుంది!"

నేను వాడికి ముందు వరసలో చోటు చూపించాను. ఉద్యోగమంటే అదే కదండీ!

వారం తిరిగేసరికి తట్టు పిల్లలందరినీ పేరుపేరునా పలకరించింది. నడవలేనివాళ్ళను ఇసోబేగారు బొగ్గుల బండిలో తెప్పించి, చాపల మీద వరసగా పడుకోబెట్టి, హాజరు వేయించారు. ఏడు ఎనిమిదులు ఎంతరా అంటే యాభైఆరు దగ్గులు వినిపించేవి!

చివరికి, చిన్నప్పుడు తప్పించుకున్న ఇసోబేగారికే తట్టు పోసింది. యాభయ్యేళ్ళ మీసాల చుట్టూ ఎర్రటి పొక్కులు! ఆయన్ని చూసిన డాక్టరు అనుమానమొచ్చి నేరుగా బడికొచ్చాడు. చాపల వరస చూసి, అక్కడికక్కడే బడికి తాళం వేయించాడు.

మహిమంతా ఇక్కడే ఉంది! మూసిన బడిలో గైర్హాజరు ఉండదు. మూయకముందు అందరూ చాపల మీద హాజరే. నూటికి నూరు! జెండా వచ్చేసింది.

బడి తెరిచిన రోజు ఇసోబేగారు తానే పేర్లు పిలిచారు. "తోమెకిచి!"

ముందు వరసలో కూర్చున్న తోమెకిచి కిటికీలోంచి కరిగే మంచును చూస్తున్నాడు. ఇసోబేగారు మళ్ళీ పిలిచారు. మూడోసారి అరిచారు.

గుమ్మంలో నిలబడ్డ ఓషిగె అంది: "వాడికి వినపడదండీ. జ్వరం పోతూపోతూ చెవులు పట్టుకుపోయింది."

ఇసోబేగారు తల వంచుకుని హాజరు పట్టీ నా చేతికిచ్చారు. తర్వాత నాతో, "హాజరే వెయ్యవయ్యా. మనిషి ఉన్నాడుగా" అన్నారు.

వేశాను. ఆ ఏడు మా బడి పిల్లలకు ఏ లోటూ రాలేదని జిల్లా నివేదికలో అచ్చయింది కూడా!