కుట్లల్ల గూడ అన్యాయమే

గర్భసంచి కేన్సర్ ఆపరేషన్లలో తెలంగాణకు న్యాయమైన వాటా దక్కేదాకా విశ్రమించేది లేదని మా డివిజన్ జేఏసీ కన్వీనర్ మహిపాల్ గారు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో ప్రకటించారు. 2011 అది. జేఏసీ లేని మనిషిని అనుమానంగా చూసే రోజులు. నాకూ ఒకటుండేది, కిరాయిదార్ల జేఏసీ.

సంగతేమిటంటే, మీర్‌పేట్‌లో మా పక్క పోర్షన్ యాదలక్ష్మమ్మకు గర్భసంచిలో కేన్సర్ అని తేలింది. అదృష్టం, మొదటి దశలోనే దొరికింది. ఎల్‌బీ నగర్‌లో ఓ ప్రైవేటు ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టర్ ఉదయలక్ష్మి గారు గుంటూరు వైపు మనిషి, ఓపిగ్గా చెప్పారు. పొట్ట కోసి తీసినా, నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో తీసినా ఈ దశలో జబ్బు పోవడంలో పెద్ద తేడా లేదట. రంధ్రాలైతే నొప్పి తక్కువ, తొందరగా ఇంటికి పోవచ్చు. పక్క మంచం మీద తెనాలి కోటేశ్వరమ్మ గారికీ అదే జబ్బు. కానీ ఆవిడ గర్భసంచి బాగా పెద్దదైంది కాబట్టి కోసే తీయాలి.

"ఏ పద్ధతైనా భయం లేదమ్మా. ఆలస్యం మాత్రం చెయ్యకూడదు," అన్నారు డాక్టరు గారు.

పరామర్శకు వచ్చిన మహిపాల్ గారు రెండు మంచాలనూ మార్చి మార్చి చూశారు. మనలాంటి వాళ్లకు తట్టనిది ఆయనకు తట్టింది.

"ఆమెకు జానెడు కోత, ఇరవై కుట్లు. మన యాదలక్ష్మమ్మకు నాలుగు బొక్కలా? నీళ్లల్ల గిట్లనే, నౌకర్లల్ల గిట్లనే. ఆఖరికి కుట్లల్ల గూడ అన్యాయమేనా?"

సాయంత్రానికల్లా ఆసుపత్రి గేటు ముందు వంటావార్పు మొదలైంది. మర్నాడు సమైక్యవాదుల తరఫున మల్లికార్జునరావు గారు దిగి, వాళ్లకు కెమెరా, మాకు కత్తా అని రెండో గేటు ముందు బైఠాయించారు. ఆయన పట్టుదలనూ మెచ్చుకోవాలి. పులిహోరకు మాత్రం మొదటి గేటుకే వచ్చేవారు.

అద్దాలు పగులుతాయని యాజమాన్యం రెండు ఆపరేషన్లూ ఆపి కమిటీ వేసింది. ఆ రోజుల్లో కమిటీ అన్నాక ఆరు మార్గాలు చూపించడం మర్యాద. ఇదీ చూపించింది. ఇద్దరికీ కోయడం ఒకటి, ఇద్దరికీ రంధ్రాలు ఒకటి, ఎవరికీ ఏమీ చేయకుండా యథాతథ స్థితి ఒకటి. ఆరోది సీల్డు కవర్లో పెట్టారు.

మూడు వారాలు గడిచాయి. యాదలక్ష్మమ్మకు మళ్లీ రక్తం కనబడుతోంది. గడప దాకా వచ్చిన జబ్బు ఇంట్లోకి వస్తుందేమోనని ఆమె భయం. నాకు ఒళ్లు మండింది. కానీ ఉద్యమం ముందు నా ఒళ్లెంత?

ఈ మధ్యలో మహిపాల్ గారు ఈ విషయం తేల్చడానికే ఢిల్లీ వెళ్లి, మూడో రోజుకే తిరిగొచ్చారు. పెద్దలతో కొట్లాడి బాగా అలిసినట్టున్నారు, పాపం. వారం రోజులు ఇడ్లీ తప్ప ముట్టలేదు.

చివరికి యాజమాన్యం దిగొచ్చింది. యాదలక్ష్మమ్మకు కూడా జానెడు కోత, ఇరవై కుట్లు ఖాయం చేసింది. ఆసుపత్రి ఆవరణలోనే విజయోత్సవ సభ పెట్టారు. మహిపాల్ గారికి దండ వేయడానికి ఆమెను వీల్‌చైర్‌లో తెచ్చి మైకు పక్కనే కూర్చోబెట్టారు. డాక్టరు గారు ఓ మూల తల వంచుకుని నిలబడ్డారు.

మహిపాల్ గారు రెండు చేతులూ పైకెత్తి జై తెలంగాణ అన్నారు. చేతులతోపాటు లాల్చీ కూడా లేచింది. పొట్ట మీద నాలుగు చిన్న మచ్చలు, ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కుర్చీలో ఉన్న యాదలక్ష్మమ్మ కళ్లకు అవి సరిగ్గా ఎదురుగా వచ్చాయి.

"ఢిల్లీల ఏ దవాఖాన, బిడ్డా?" అంది.

మైకు ఆన్‌లోనే ఉంది. మహిపాల్ గారు చేతులు దించి లాల్చీ సర్దుకున్నారు. యాదలక్ష్మమ్మ దండను తన ఒళ్లోనే పెట్టుకుని డాక్టరు గారి వైపు తిరిగింది.

"డాక్టరమ్మా, నాకు గీ సారుకు చేసినట్టే చెయ్యుండ్రి."