బట్టతల కేసులో ముద్దాయి సూర్యుడు

మగవాళ్ళకు జుట్టు ఊడటం దేశానికి మంచిది. ఇంటికి మరీ మంచిది. నవ్వకండి! బాగా ఆలోచించి, అద్దం ముందు నిలబడి మరీ ఈ మాట చెబుతున్నాను. నా తల సంగతి ఇక్కడ అప్రస్తుతం.

ఒకప్పుడు బట్టతల కేసులో ముద్దాయి ఒక్కడే ఉండేవాడు. కన్నతండ్రి. పాతికేళ్ళ కొడుకు నుదురు ఎంతవరకు పైకి పాకిందో వేళ్ళతో కొలుచుకుని, హాల్లో పేపరు చదువుకుంటున్న తండ్రి నెత్తి వైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపుకు ఏ కోర్టులోనూ బెయిలు దొరకదు. ఇప్పుడు సైన్సు పుణ్యమా అని రెండో ముద్దాయి దొరికాడు. సాక్షాత్తూ సూర్యభగవానుడు! ఒంటికి ఎండ తగలకపోతే డి విటమిన్ తగ్గుతుందట. అది తగ్గినవాళ్ళకు జుట్టు పలచబడుతుందట. తండ్రులకు ఇంతకంటే పెద్ద వరం ఏముంటుంది?

నమ్మకపోతే నరసరాజు గారి సంగతి వినండి.

ఆయనకు కొల్లేరు అంచున పన్నెండెకరాల చేపల చెరువు, దాని పక్కనే మేడ, రెండు చెవుల మీదా చెరో పిడికెడు వెంట్రుకలు ఉన్నాయి. కొడుకు విశ్వతేజ మేడ మీద గదిలో కూర్చుని కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. నాలుగేళ్ళుగా ఆ గదిలో ఏసీ ఆగలేదు, కిటికీ కర్టెను తెరుచుకోలేదు. మొన్నామధ్య అత్తిలి సంబంధం చూసుకుని వచ్చారు. ఇందుజ అని, చక్కని పిల్ల. రెండు రోజులకు వాళ్ళ దగ్గర్నుంచి కబురొచ్చింది. "అబ్బాయి బుద్ధిమంతుడేనండీ. ఫొటోయే మరీ పాతదండీ."

ఆ రోజు నుంచి విశ్వతేజ తండ్రితో మాట్లాడటం మానేశాడు. మూడు నెలలు! ఏం కావాలన్నా తల్లి బాలాత్రిపురసుందరి గారితో చెబుతాడు. ఆవిడ మెట్లు దిగి భర్తకు చెబుతుంది. ఆయన జవాబు పట్టుకుని మళ్ళీ మెట్లు ఎక్కుతుంది. కాఫీ పైకి, టిఫిను పైకి, కబుర్లు కిందికి. ఇల్లు సాఫీగా నడుస్తోందనే అందరూ అనుకున్నారు.

నరసరాజు గారికి మాత్రం అన్నం సహించడం లేదు. కొడుకు నోట 'నాన్నగారూ' అని వింటే చాలనిపించింది. తన తల మీద లేనిదానికి తను శిక్ష అనుభవించడం ఏ న్యాయమో ఆయనకు అర్థం కాలేదు. సరిగ్గా అప్పుడే ఫోనులో డి విటమిన్ మెసేజ్ వచ్చింది. ఆయన దాన్ని నాలుగుసార్లు చదివి, కొడుక్కి పంపి, భార్యను పైకి పంపారు.

"చదివాడా?" అని అడిగారు ఆవిడ దిగి రాగానే.

"చదివాడండీ. రేపట్నుంచి చెరువు గట్టు మీద కూర్చుంటాడంటండీ" అంది ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుని.

మర్నాడు పదకొండు గంటలకు విశ్వతేజ గట్టు మీద కుర్చీ వేసుకుని, చొక్కా విప్పి, సూర్యుడికి ఎదురుగా కూర్చున్నాడు. తండ్రి దూరంగా నిలబడి కళ్ళారా చూసుకుంటున్నారు. ఇంతలో మేత పడవ మీద వీర్రాజు వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చెరువులో, ఆ ఎండలోనే చేపలకు మేత వేస్తున్న మనిషి. అతని నెత్తి మీద సూర్యుడు తళతళా మెరుస్తున్నాడు. నరసరాజు గారు గబగబా పడవ దగ్గరికి నడిచారు. ముద్దాయి సూర్యుడి తరఫు సాక్షి ఇలా పడవెక్కి రావడమేమిటి!

"వీర్రాజూ, తలకి తువ్వాలు చుట్టుకో" అన్నారు గొంతు తగ్గించి.

"ఈ ఎండ నాకో లెక్కాండీ" అన్నాడు వీర్రాజు.

"చుట్టుకోమన్నానా."

పాపం, వీర్రాజు ఆ నెలంతా తలపాగాతోనే మేత వేశాడు. సైన్సు ముందుకు వెళ్ళాలంటే ఇలాంటి త్యాగాలు తప్పవు కదా!

నెల గడిచింది. విశ్వతేజ నల్లబడ్డాడు గాని జుట్టు నల్లబడలేదు, ఉంటే కదా. ఇక లాభం లేదని నరసరాజు గారు కొడుకునీ భార్యనీ కారెక్కించుకుని ఏలూరు వెళ్ళారు. కొడుక్కీ తనకూ మధ్య మాట అందించడానికి భార్య ఉండాలి మరి.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. "బట్టతల వస్తున్నవాళ్ళలో కొంతమందికి డి తక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో కనబడిందండీ. దానివల్లే జుట్టు ఊడిందని మాత్రం ఎవరూ తేల్చలేదు. ఇందులో వంశపారంపర్యమే ముఖ్యమండీ."

నరసరాజు గారు మొదటి వాక్యం విన్నారు. తర్వాతవి వినే వయసు ఆయనది కాదు.

ల్యాబులో ఆఫరు బోర్డు కనబడింది. ఒకరికి టెస్టు చేయించుకుంటే ఇంకొకరికి ఉచితం. అక్కడే ఆయనలోని చేపల రైతు నిద్ర లేచాడు. చెరువు నీళ్ళు టెస్టుకు పంపేటప్పుడు ఆయన ఎప్పుడూ ఒక్క సీసా పంపరు. చేపలు నీరసంగా ఉన్న మూల నుంచి ఒక సీసా, చక్కగా ఎదుగుతున్న మూల నుంచి ఇంకో సీసా. రెండూ పక్కపక్కన పెడితే లోటు ఎక్కడుందో తేలిపోతుంది. నీరసం మూల కొడుకు. మరి మంచి మూల ఎవరు?

ఆయన భార్య జడ వైపు చూశారు. నడుము దాకా నల్లగా, లావుగా, మల్లెపూలతో వేలాడుతోంది. పెళ్ళినాటి జడ. "చెయ్యి చాపు సుందరీ" అన్నారు. ఆవిడ చాపింది. ఎందుకని అడిగే అలవాటు ఆవిడకు ఎన్నడూ లేదు.

ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయారు. రేపు కొడుక్కి తక్కువ, భార్యకు ఎక్కువ రాబోతున్నాయి. కేసు కొట్టేస్తారు. కొడుకు మెట్లు దిగి వస్తాడు.

రిపోర్టులు వచ్చాయి. విశ్వతేజకు ముప్పై ఆరు, భేషుగ్గా ఉంది. బాలాత్రిపురసుందరి గారికి ఎనిమిది.

ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. వెంటనే కారు తీసి ఏలూరు వెళ్ళి, రక్తం తీసిన మెర్సీ అనే అమ్మాయిని పట్టుకున్నారు. "సీసాలు మారిపోయాయమ్మా. ఎనిమిది మా వాడిది. ముప్పై ఆరు మా ఆవిడది."

"మారలేదండీ. నా చేత్తోనే పేర్లు అంటించానండీ."

"ఎలా కుదురుతుందమ్మా? ఆవిడ జడ చూశావా?"

మెర్సీ కాస్త సంకోచించింది. "చూశానండీ. రక్తం తీశాక ఆంటీగారు కళ్ళు తిరుగుతున్నాయంటే బెంచీ మీద పడుకోబెట్టానండీ. అప్పుడు సవరం ఊడి వచ్చేసింది. నేనే మళ్ళీ పెట్టానండీ. పాపిడి దగ్గర మాడు బాగా కనబడిపోతోంది, మీరు చూడలేదాండీ?"

కళ్ళు తిరిగినప్పుడు తను ఎక్కడున్నాడు? బయట ఆఫరు బోర్డుకు ఫొటో తీసుకుంటున్నాడు.

చూశారా పాఠకులారా, ఆయన వాదం గెలిచింది! డి తక్కువ, జుట్టూ తక్కువ. కాకపోతే రెండూ కలిసి ఉన్నది ఆయన వెతికిన తల మీద కాదు. తెల్లారగట్ల చేప నీటి మీదికి వచ్చి నోరు తెరిస్తే గట్టు మీద నుంచే జబ్బు చెప్పగల మనిషి. ఆ ఇంటి ఆడవాళ్ళు గట్టు మీదికి రావడం ఆనవాయితీ కాదు కాబట్టి, వంటింట్లోకి ఆయన చూపు అంత దూరం పోలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ పప్పు కవ్వంతో మెదుపుతోంది.

"ఒంట్లో ఎలా ఉంటోంది?" అన్నారు గుమ్మంలో నిలబడి.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. "ఎవరికండీ?"

"నీకే."

"నాకా?" ఆవిడ కవ్వం పక్కన పెట్టింది. "కాళ్ళు లాగేస్తున్నాయని పోయినేడాది నుంచి చెబుతూనే ఉన్నానండీ. కొబ్బరినూనె రాసుకోమన్నారు కదా."

అప్పటికే విశ్వతేజ మెట్లు దిగి వచ్చాడు. ఫోనులో ఇద్దరి రిపోర్టులూ తెరిచి ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత తండ్రి మొహం చూశాడు. "నాన్నగారూ, అమ్మకు ఎప్పట్నుంచి ఇలా?"

ఆయన ఎదురుచూసిన పిలుపు అదే. ఇద్దరూ ఆవిడ వైపే చూశారు. ఆవిడ ఆ చూపులకు సిగ్గుపడి పైట నెత్తి మీదికి లాక్కుంది.

ఇప్పుడు చెప్పండి, బట్టతల వరమా కాదా? ఏడాదిపాటు లాగిన కాళ్ళు ఆవిడను ఏలూరు చేర్చలేకపోయాయి. కొడుకు తల మీద రాలిన నాలుగు వెంట్రుకలు చేర్చాయి, అదీ ఉచిత ఆఫరులో. కాబట్టి తల్లులారా, మీకు ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లోవాళ్ళకు చెప్పి నోరు నొప్పి చేసుకోకండి. మీ ఇంటి మగవాళ్ళకు తొందరగా జుట్టు ఊడాలని మొక్కుకోండి.