ఎడమ చెయ్యి డ్యూటీలో ఉంది

"ఆ రెండో చెయ్యి కూడా వేస్తే మీ సొమ్మేం పోతుందండీ?" అంది గన్‌మన్ భార్య, తడి దుప్పటి ఒక కొస పట్టుకుని. అప్పటికి వాదన మొదలై చాలాసేపయింది. దుప్పట్లోంచి నీళ్ళు బకెట్లోకి తక్కువగా, ఆమె పాదాల మీదికి ఎక్కువగా కారుతున్నాయి.

రెండో కొస గన్‌మన్ కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి మాత్రం భుజానికి పైన, పిడికిలి బిగించి, అక్కడ లేని గొడుగొకటి పట్టుకుని ఉంది.

"అది డ్యూటీలో ఉందే," అన్నాడాయన.

"ఇంట్లోనా?"

"శుక్రవారం డెమో అయ్యేదాకా ఎక్కడైనా డ్యూటీయే."

ఆమె పళ్ళు బిగించి తన కొస మెలితిప్పింది. ఒంటిచేతి పట్టు జారి దుప్పటి గోడకి తపీమని కొట్టుకుంది. గోడ తడిసింది, ఆమె తడిసింది, గన్‌మన్ కూడా తడిశాడు.

"చూశారా?"

"చూశాను. మంత్రిగారు తడవలేదు."

ఏకహస్త భద్రతా విధానం ఎలా పుట్టిందో పేపరు చదివే అలవాటున్న వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెప్పాలి. కిందటి నెల ఒక వంతెన శంకుస్థాపన నడివానలో జరుగుతుండగా, పక్కన లారీ టైరొకటి ఢామ్మని పేలింది. గన్‌మన్ తనకు నేర్పింది నేర్పినట్టు రెండు చేతులా పిస్తోలు పట్టి మంత్రిగారికి అడ్డంగా నిలబడ్డాడు. నిలబడే ముందు ఎడమచేతిలో ఉన్నవన్నీ వదిలేశాడు. అంటే మంత్రిగారి గొడుగు, ఫోన్లు, కళ్ళజోడు, ఆయన సగం కొరికిన బిస్కెట్టు. మర్నాడు అన్ని పేపర్లలోనూ మొదటి పేజీలో మంత్రిగారి ఫోటో పడింది. జుట్టుకి వేసిన నల్లరంగు చెంపల మీదుగా చొక్కా మీదికి కారుతోంది.

వెంటనే విచారణ సంఘం వేశారు. సంఘం ఎవరి మొహమాటానికీ లొంగకుండా పని చేసింది. తప్పు టైరుది కాదు, వానది కాదు, రంగుది అంతకన్నా కాదు, ఒక పిస్తోలుకి రెండు చేతులు ఖర్చుపెట్టే పాతకాలపు అలవాటుదని తేల్చింది. మంత్రిగారిది వెన్నలాంటి మనసు. గన్‌మన్‌ని సస్పెండ్ చెయ్యకుండా, పక్కనే నిలబెట్టుకుని విలేకరుల ముందు కొత్త విధానం ప్రకటించారు.

"ఒక చెయ్యి ఆయుధానికి, ఒక చెయ్యి ప్రజాసేవకి."

ప్రజాసేవ చెయ్యి ఏం పట్టుకుంటుందని విలేకరులెవరూ అడగలేదు. అది వాళ్ళ కళ్ళెదురుగానే మంత్రిగారి నెత్తిమీద తెరుచుకుని ఉంది.

శుక్రవారం మైదానంలో గన్‌మన్ ఆ విధానాన్ని అందరి ముందూ చేసి చూపించాలి. ఆ డెమోలో నెగ్గితే ప్రమోషన్. తప్పితే సస్పెన్షన్, క్వార్టర్సు ఖాళీ. అందుకే ఇంట్లో సాధన మొదలైంది. పిస్తోలు ఇంటికి తేవడానికి వీల్లేదు కనక ఆఫీసునుంచి పెద్ద స్టేప్లరొకటి తెచ్చుకున్నాడు. పిస్తోలు పైభాగం వెనక్కి లాగాలంటే మామూలుగా రెండో చెయ్యి కావాలి. ఒంటిచేత్తో అయితే దాన్ని బెల్టుకి తగిలించి కిందికి నెట్టాలి. తూటాల పెట్టె మార్చాలంటే పిస్తోలుని మోకాళ్ళ మధ్య ఇరికించాలి.

"అన్నయ్యా, ఇది చేతికి దెబ్బ తగిలినవాళ్ళు వాడే పద్ధతి కదూ?" అన్నాడు మరిది, గుమ్మంలో నిలబడి.

"అవున్రా. రెండో చెయ్యి పనికి రానప్పుడు వాడాలి."

"మరి నీ చేతికేమైంది?"

"గొడుగు."

మొదటిరోజే స్టేప్లరు చొక్కానీ ప్యాంటునీ కలిపి కుట్టేసింది. భార్య నేలమీద కూర్చుని ఒక్కో పిన్నూ పీకుతూ, "ఇంతకన్నా ఆ టైరే నయం. ఒక్కసారి పేలి ఊరుకుంది," అంది.

మంత్రిగారి పాత్రకి అత్తగారు ఒప్పుకున్నారు. హాల్లో కుర్చీ వేసి కూర్చోబెడితే, పక్కన ఆవిడ పెద్దకొడుకు గన్‌మన్ గొడుగు విప్పి నిలబడ్డాడు. మరిది కాగితం సంచీ ఊది పేల్చడం, గన్‌మన్ స్టేప్లరు దూయడం. రెండ్రోజులకే అత్తగారు పాత్రలో లీనమైపోయారు.

"ఒరేయ్, గొడుగు కాస్త ఇటు వంచు. చెవి మీద ఎండ పడుతోంది."

"ఇంట్లో ఎండేమిటి అత్తయ్యా?" అంది కోడలు.

"కుర్చీలో కూర్చుంటే తెలుస్తుందమ్మా."

మూడోనాడు ఆవిడ తన కళ్ళజోడు కూడా కొడుకు చేతికిచ్చారు.

గన్‌మన్ భార్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భోజనం దగ్గర కూడా ఆయన ఎడమచెయ్యి గాల్లోనే ఉంటోంది. మణికట్టు వాచింది. గురువారం సాయంత్రం ఆమె నూనె వెచ్చచేసి తెచ్చింది.

"వేళ్ళు విప్పండి, రాస్తాను."

ఆయన కాసేపు తన పిడికిలి వంక చూసుకున్నాడు.

"విప్పడం రావట్లేదే," అన్నాడు మెల్లగా.

ఆమె ఒక్కో వేలూ తనే విప్పి, నూనె రాసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ డెమో ఒక్కటీ గట్టెక్కితే చాలు, ఈ చెయ్యి మళ్ళీ ఇంటికొస్తుంది అనుకుంది.

శుక్రవారం మైదానంలో చూసేవాళ్ళకి షామియానా వేశారు. వాన రాలేదు కనక ఫైరింజన్ని పిలిపించి పైనుంచి వాన కురిపించారు. మంత్రిగారు ధైర్యసాహసాలకి పెట్టింది పేరు, ఆ ఉదయమే జుట్టుకి కొత్తగా రంగు వేయించుకుని వచ్చారు. పక్కన ఆయన శ్రీమతి. గన్‌మన్ ఎడమచేతిలో గొడుగు, ఫోన్లు, కళ్ళజోడు, వాటితోబాటు అప్పుడే ఎవరో మంత్రిగారికిచ్చిన పూలగుత్తి.

బెలూన్ పేలింది. గన్‌మన్ కుడిచేత్తో పిస్తోలు దూశాడు, బెల్టుకి తగిలించి నెట్టాడు, ఇసుక బస్తాల ముందున్న అట్టబొమ్మ గుండెల్లోకి కాల్చాడు. బొమ్మ పడిపోయింది. గొడుగు వెంట్రుకవాసి కదల్లేదు.

మంత్రిగారు ముందు జుట్టు తడుముకున్నారు. వేళ్ళు చూసుకున్నారు. తరవాత చప్పట్లు కొట్టారు. చప్పట్లతో షామియానా ఎగిరిపోతుందేమో అనిపించింది. గన్‌మన్ భార్య కూడా అరచేతులు మండేదాకా కొట్టింది. ఆ సందట్లో మంత్రిగారి శ్రీమతి పీయే చెవిలో ఏదో చెప్పడం, పీయే గన్‌మన్‌ని పక్కకి పిలిచి, "ఏమయ్యా, అమ్మగారు నీ కుడిచెయ్యి చూసి చాలా ముచ్చటపడ్డారు," అనడం ఆమె చెవిన పడింది. మొగుణ్ణి మెచ్చుకుంటే ఎవరికి చేదు? ఆమె ఇంటికెళ్ళి బకెట్లో దుప్పట్లు నానబెట్టింది.

ఆయన వచ్చేసరికి అందరూ భోజనాలకి కూర్చున్నారు. భుజం మీద కొత్త పట్టీ మెరుస్తోంది. నడుముకి బెల్టు ఉంది, దానికి రోజూ వేలాడే పిస్తోలు సంచీ లేదు.

"సంచీ ఏదిరా?" అన్నారు అత్తగారు.

"పిస్తోలుతోబాటు అప్పజెప్పేశానమ్మా. ప్రమోషనిచ్చారు. కుడిచేతికి అమ్మగారి గొడుగు."

"మరి టైరు పేలితే?" అన్నాడు మరిది.

"రెండు గొడుగులూ కదలకూడదు."

"మరి వాళ్ళని కాపాడేదెవరు?"

"నేనే. ఎండకీ వానకీ."

అని, కంచం ముందు కూర్చుని, రెండు చేతులూ భుజాల పైకెత్తి పిడికిళ్ళు బిగించాడు. రేపు పొద్దున్నే డ్యూటీ మరి.

గన్‌మన్ భార్య ఆయన రెండు చేతుల వంకా చూసింది. పెరట్లో బకెట్ వంక చూసింది. అన్నం కలిపి ఒక ముద్ద ఆయన నోటికందించింది.

"ఇకనుంచి మనింట్లో దుప్పట్లు పిండేది లేదు," అంది అందరికీ వినపడేలా. "నీళ్ళోడుతుండగానే ఆరేద్దాం."